జి7 శకటును కూల్చేదెలా?.. నల్లకోటపై తెల్లపావుల దండయాత్ర

* ఫియాంకెటో రక్షణకు విరుగుడు దాడే
* హెచ్ వరుస తెరుచుకుంటే సగం గెలుపు
* మధ్యభాగం మరిచి తొందరపడితే మొదటికే మోసం

గుంటూరు: ఎత్తుకు పైఎత్తు ఉంటేనే చదరంగం. అయితే ప్రత్యర్థి ఏ ఎత్తు వేసినా పట్టించుకోకుండా జి బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును కూర్చోబెట్టి, దాని వెనుక రాజును భద్రంగా దాచుకునే ఆటగాళ్లు నేడు ప్రతి వయోవిభాగంలోనూ కనిపిస్తున్నారు. జిల్లాస్థాయి ఎంపిక పోటీలకు తొలిసారిగా వచ్చే గ్రామీణ విద్యార్థులకు ఈ కోట కొరకరాని కొయ్యగా మారుతోంది. గుర్రాలను, శకటులను బయటకు తీసి, రాజుకు కోట కట్టి, ఆపై ఏం చేయాలో తోచక నిలిచిపోతున్నారు. ఈలోగా నల్లపావులు నెమ్మదిగా పుంజుకొని ఆటను తమవైపు తిప్పుకొంటున్నాయి. కొద్ది ఆటలతోనే ఫలితం తేలిపోయే ఎంపిక పోటీల్లో ఒక్క ఓటమి కూడా బరువైనదే. పగలంతా బడిలో ఉండి, సాయంత్రం గంటసేపు మాత్రమే బల్ల ముందు కూర్చోగలిగే పిల్లలు వందల కొద్దీ ఎత్తులను కంఠస్థం చేయలేరు. వారికి కావలసింది ఒక స్పష్టమైన పథకం, ఆ పథకం వెనుక ఉన్న కారణం. ఆ రెండింటినీ వివరించే ప్రయత్నమే ఈ కథనం.

ముందుగా ఒక మాట. శిక్షకులు బిషప్ అని పిలిచే పావునే ఇక్కడ శకటు అని పేర్కొంటున్నాం. కొన్ని ఇళ్లలో దీనినే ఒంటె అంటారు. రూక్ ఏనుగు, క్వీన్ మంత్రి. బల్లపై తెల్లపావుల ఆటగాడికి ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనే ఎనిమిది నిలువు వరుసలు, అతని వైపు నుంచి ఎదుటివైపునకు 1 నుంచి 8 వరకు అడ్డు వరుసలు ఉంటాయి. ఇ4 అంటే ఇ నిలువు వరుసలో నాలుగో గడి అన్నమాట. పక్కనే బల్ల పెట్టుకొని చదివితే విషయం సులువుగా బోధపడుతుంది.

కోట నిర్మాణం ఇలా..

ఫియాంకెటో ఇటలీ భాషా పదం. పక్క, పార్శ్వం అనే అర్థమిచ్చే మాట నుంచి పుట్టింది. నల్లపావుల ఆటగాడు జి బంటును జి6కు జరిపి, శకటును జి7లో ఉంచి, రాజువైపు కోట కడతాడు. జి7లోని శకటు హెచ్8 నుంచి ఎ1 వరకు సాగే ఐమూల బాటపై నిలుస్తుంది. బల్లపై ఇంతకన్నా పొడవైన ఐమూల బాట లేదు. అక్కడి నుంచి అది బల్ల మధ్యభాగాన్ని కాచుకుంటూనే, అవతలి మూలన తెల్లపావుల మంత్రివైపు శిబిరాన్ని సైతం బెదిరిస్తుంది. ఎఫ్6లోని గుర్రం హెచ్7 గడిని కాపాడుతుంది. చూడటానికి ఈ కోటకు ఎక్కడా బీటలు కనిపించవు.

బలహీనత మాత్రం నిర్మాణంలోనే దాగి ఉంది. జి బంటు ముందుకు కదలడంతో ఎఫ్6, హెచ్6 గళ్లకు ఉన్న కాపలా తొలగిపోయింది. ఆ రెండూ నల్లరంగు గళ్లే. వాటికి మిగిలిన ప్రధాన కావలి జి7 శకటు ఒక్కటే. ఆ కావలిని తప్పిస్తే రాజు చుట్టూ నల్లగళ్లన్నీ తెరిచిన తలుపులే. రెండో బలహీనత జి6 బంటు. ఎఫ్7, జి7, హెచ్7లలో బంట్లు కదలకుండా ఉన్నప్పుడు తెల్లని హెచ్ బంటు హెచ్5కు వచ్చినా దేనినీ తాకదు. అదే జి6లో బంటు ఉంటే హెచ్5కు రాగానే తాకుతుంది. నూతిలో పడిన చేదను పైకి లాగడానికి కొక్కెం ఎలా దొరకాలో, మూసి ఉన్న వరుసను తెరవడానికి ఈ జి6 బంటు అలా దొరుకుతుంది. దాడి అంతా ఈ రెండు బలహీనతల చుట్టూనే తిరుగుతుంది.

పేరులోనే భారతం

ఈ తరహా రక్షణలకు ప్రపంచమంతటా ఇండియన్ డిఫెన్సులనే పేరు స్థిరపడింది. దీని వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో న్యాయవాదిగా ఉన్న జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ ఆటగాడు, మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆటగాడితో అనేక ఆటలు ఆడారు. బెనర్జీ బంట్లను ఒక్కొక్క గడి చొప్పున జరుపుతూ శకటులను పక్కకు తీసి ఆడేవారు. నాటి భారతీయ పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడి నడకే ఉండేది కనుక ఆయనకు ఆ ఆట సహజంగానే అబ్బింది. మన ఇళ్ల అరుగుల మీద పెద్దలు ఆడిన చదరంగంలోనూ బంటుకు ఒక్క గడి నడకే అన్న సంగతి ఎందరికో తెలిసినదే. 1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన రక్షణను సైతం బెనర్జీ 1855లోనే కాక్రేన్‌పై ప్రయోగించారు. అంటే మన పిల్లలను నేడు ఇబ్బంది పెడుతున్న కోటకు పునాది వేసింది మన దేశస్థుడే.

ఏడు మెట్ల పథకం

తెల్లపావులకు అందుబాటులో ఉన్న పథకాల్లో నేర్చుకోవడానికి తేలికైనది, ఫలితమివ్వడంలో నమ్మదగినది మంత్రి, శకటుల జంటదాడి. నల్లపావులు స్లొవేనియా గ్రాండ్‌మాస్టర్ వాస్యా పిర్క్ పేరిట ప్రసిద్ధమైన రక్షణను ఎంచుకున్నాయని అనుకుందాం. తెల్లపావులు మొదట ఇ4, నల్లపావులు డి6. తరువాత డి4, దానికి ఎఫ్6లో గుర్రం. తెల్లగుర్రం సి3కి రాగా నల్లపావులు జి6 ఆడతాయి. ఇక్కడి నుంచి మెట్లు ఇవి.

1. ఇ4, డి4 బంట్లతో మధ్యభాగాన్ని ఆక్రమించాలి. ఇది దాడికి పునాది. ఇల్లు గట్టిగా లేకుండా పొరుగూరిపై దండెత్తరాదు.

2. శకటును ఇ3లో ఉంచాలి.

3. మంత్రిని డి2కు తేవాలి. ఇప్పుడు మంత్రి, శకటు ఒకే ఐమూల బాటపై ఒకదాని వెనుక ఒకటిగా హెచ్6 వైపు గురిపెట్టి ఉంటాయి.

4. ఎఫ్3కు బంటును జరపాలి. దీనివల్ల మూడు ప్రయోజనాలు. ఇ4 బంటుకు అండ దొరుకుతుంది. నల్లగుర్రం జి4కు వచ్చి ఇ3 శకటును వేధించే దారి మూసుకుపోతుంది. మున్ముందు జి4కు మన బంటు నడవడానికి ఊతం లభిస్తుంది.

5. మంత్రివైపు కోట కట్టాలి. ఈ ఒక్క ఎత్తుతో రాజు సి1కి, ఒక ఏనుగు డి1కి చేరతాయి. రెండో ఏనుగు హెచ్1లోనే ఉండి, తెరవబోయే హెచ్ వరుసకు కాపు కాస్తుంది. దానిని కదిపే శ్రమ కూడా అవసరం లేదు.

6. శకటును హెచ్6కు పంపి జి7 శకటుతో మార్చుకోవాలి. కోటకు ప్రధాన కావలి తొలగిపోతుంది. మన మంత్రి హెచ్6లో నల్లరాజు ముంగిట నిలుస్తుంది.

7. హెచ్ బంటును హెచ్4కు, హెచ్5కు నడిపి జి6 బంటును కొట్టాలి. నల్లపావులు హెచ్ బంటుతో తిరిగి కొడితే హెచ్ వరుస పూర్తిగా తెరుచుకొని ఏనుగు నేరుగా రాజు గుమ్మంలోకి చూస్తుంది. ఎఫ్ బంటుతో కొడితే ఎఫ్7 ఖాళీ అయి, సి4 లేదా బి3లో ఉన్న తెల్లశకటుకు జి8లోని రాజువైపు దారి ఏర్పడుతుంది. రెండింట ఏది ఎంచుకున్నా నల్లపావులకు ముప్పే.

వీటికి తోడు ఎనిమిదో ఆయుధం ఒకటి ఉంది. సి3 గుర్రాన్ని డి5కు పంపి ఎఫ్6 గుర్రంతో మార్చుకోవడం. హెచ్7ను కాపాడుతున్నది ఆ గుర్రమే కనుక, అది తొలగిన మరుక్షణం మంత్రి, ఏనుగు కలిసి ఆటకట్టు చేసే అవకాశం వస్తుంది.

పిర్క్ రక్షణపై సాగే ఈ పథకానికి 150 అటాక్ అనే పేరుంది. ఇంగ్లండ్‌లో నాడు అమల్లో ఉన్న గ్రేడింగ్ విధానంలో 150 స్థాయి సగటు క్లబ్ ఆటగాడిది. అలాంటి సామాన్య ఆటగాళ్లు సైతం దీనితో గెలుస్తుండటంతో ఆ పేరు వచ్చింది. మొదట చిన్నచూపు చూసినా, తరువాత గ్రాండ్‌మాస్టర్లే దీనిని చేపట్టారు.

పదిహేనేళ్ల బాలుడి పాఠం

ఈ దాడికి పాఠ్యపుస్తకం వంటి ఆట 1958లో నాటి యుగొస్లావియాలోని పోర్టొరోజ్‌లో జరిగిన ఇంటర్‌జోనల్ పోటీలో నమోదైంది. తెల్లపావులతో ఆడింది పదిహేనేళ్ల అమెరికా బాలుడు బాబీ ఫిషర్. ఎదుట డెన్మార్క్ దిగ్గజం బెంట్ లార్సెన్. నల్లపావులు ఎంచుకున్నది సిసిలియన్ రక్షణలోని డ్రాగన్ పద్ధతి. జి7 శకటు ప్రధాన బలంగా ఉండే రక్షణల్లో ఇది అత్యంత పదునైనది.

ఫిషర్ శకటును ఇ3లో, బంటును ఎఫ్3లో, మంత్రిని డి2లో ఉంచి, రెండో శకటును సి4 మీదుగా బి3కి చేర్చి మంత్రివైపు కోట కట్టాడు. ఇ3 శకటు డి4కు చేరి జి7 శకటుకు ఎదురుగా నిలిచింది. 14వ ఎత్తులో గుర్రం డి5లోకి దూకింది. లార్సెన్ దానిని శకటుతో కొట్టక తప్పలేదు. 17వ ఎత్తులో హెచ్4, 18వ ఎత్తులో హెచ్5, 19వ ఎత్తులో జి6 బంటును కొట్టడంతో హెచ్ వరుస తెరుచుకుంది. తరువాత జి4, జి5. నల్లగుర్రం ఎఫ్6 నుంచి కదిలి హెచ్5లో నిలిచి, తెరిచిన వరుసకు అడ్డుగా తలుపు వేసింది. 22వ ఎత్తులో ఫిషర్ ఆ తలుపును బద్దలుకొట్టాడు. హెచ్1లోని ఏనుగుతో గుర్రాన్ని కొట్టి, ఏనుగును అర్పించాడు. ఆ వెంటనే జి6కు బంటును తోశాడు. ఒక్కసారిగా జి7 శకటుపై, ఎఫ్7 బంటుపై, రాజుపై ఒత్తిడి పెరిగింది.

లార్సెన్ ఇ5, డి5 బంట్లతో తెల్లశకటుల దారులను మూసే ప్రయత్నం చేశాడు. అయినా లాభం లేకపోయింది. తెల్లని డి బంటు డి6, డి7 వరకు దూసుకుపోగా, 31వ ఎత్తులో మంత్రి డి6 నుంచి రాజుకు చెక్ చెప్పడంతో నల్లపావులు ఓటమి అంగీకరించాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. దాడి మొదలైంది హెచ్ వరుసలో, గెలుపు వచ్చింది డి వరుసలో. రాజును కాపాడుకోవడానికి నల్లపావులన్నీ ఒక మూలకు చేరినప్పుడు మధ్యలో ఒక సామాన్య బంటు మంత్రి కావడానికి బయలుదేరింది. దాడి అంటే ఆటకట్టు ఒక్కటే కాదు. ప్రత్యర్థి పావులను కట్టిపడేయడం కూడా దాడే. ఆ పోటీలోని ప్రతిభతోనే ఫిషర్ పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించాడు.

దాడిలో కాపలా: కార్పోవ్ నేర్పిన నీతి

దూకుడు ఒక్కటే చాలదని చెప్పే ఆట 1974లో మాస్కోలో జరిగింది. ప్రపంచ విజేతతో తలపడే అర్హత కోసం అనతోలీ కార్పోవ్, విక్టర్ కోర్చ్‌నోయ్ ఆడిన ఫైనల్‌లో అది రెండో ఆట. అదే డ్రాగన్, అదే దాడి. కార్పోవ్ 14వ ఎత్తులో హెచ్5కు బంటును నడిపి దానిని ఉచితంగా వదిలేశాడు. కోర్చ్‌నోయ్ గుర్రంతో కొట్టగానే జి4తో ఆ గుర్రాన్ని వెనక్కి తరిమాడు. ఒక బంటు పోయింది, హెచ్ వరుస తెరుచుకుంది. బేరం లాభసాటిదే.

ఇక్కడ చాలామంది కొత్త ఆటగాళ్లు వెంటనే రాజుపైకి ఉరుకుతారు. కార్పోవ్ మాత్రం 16వ ఎత్తులో డి4 గుర్రాన్ని ఇ2కు వెనక్కి తీసుకున్నాడు. డ్రాగన్‌లో నల్లపావుల అసలు ఆశ సి వరుసలో ఉంటుంది. ఆ వరుసలోని ఏనుగును సి3 గుర్రానికి బదులుగా అర్పించి, తెల్లరాజు ముందున్న బంట్లను చిందరవందర చేయడం వారి పాత ఎత్తుగడ. ఇ2 గుర్రం సి3కి కాపలాగా నిలిచి ఆ ఆశను నీరుగార్చింది. అదే గుర్రం అదను చూసి ఎఫ్4 మీదుగా దాడిలో చేరగలదు. తరువాత హెచ్6లో శకటుల మార్పిడి, మంత్రి హెచ్6కు చేరడం జరిగాయి. 19వ ఎత్తులో ఏనుగును డి3లో ఉంచి సి3కి మరో కాపలా పెట్టాడు. వెనుక కోట భద్రమయ్యాకే జి5, ఆపై డి5కు ఏనుగు, 24వ ఎత్తులో ఇ5 వరుసగా పడ్డాయి. ఎఫ్6 గుర్రం తొలగిపోయింది. 26వ ఎత్తులో మంత్రి హెచ్7 బంటును కొట్టింది. 27వ ఎత్తుతో ఆట ముగిసింది.

ముందు ప్రత్యర్థి ఆశను తుంచాలి, తరువాత మన ఆశను తీర్చుకోవాలి. ఈ ఆట సారాంశం ఇదే.

బంట్ల దండు.. ఆస్ట్రియన్ దాడి

పిర్క్, మోడర్న్ రక్షణలపై మరో మార్గం ఆస్ట్రియన్ అటాక్. ఇందులో ఎఫ్ బంటు ఎఫ్3లో ఆగక ఎఫ్4కు వెళుతుంది. డి4, ఇ4, ఎఫ్4 బంట్లు వరుసకట్టి, ఇ5కు నడిచి ఎఫ్6 గుర్రాన్ని తరిమేందుకు సిద్ధమవుతాయి. ఇది మరింత దూకుడైనది. రాజును రాజువైపే కోట కట్టుకొని కూడా ఆడవచ్చు.

1963-64 అమెరికా జాతీయ పోటీలో పాల్ బెంకోపై ఫిషర్ ఆడిన ఆట దీనికి ఉత్తమ ఉదాహరణ. డి3లో శకటు, హెచ్5లో మంత్రి రెండూ హెచ్7పై గురిపెట్టాయి. కానీ శకటు దారికి సొంత ఇ4 బంటే అడ్డుగా ఉంది. ఆ బంటు ఇ5కు జరిగితే దారి తెరుచుకుంటుంది, అయితే నల్లపావులు ఎఫ్ బంటును ఎఫ్5కు నడిపి మళ్లీ మూసేస్తాయి. 19వ ఎత్తులో ఫిషర్ ఏనుగును ఎఫ్6లో పెట్టాడు. కొట్టుకోవడానికి వీలుగా వదిలిన ఆ ఏనుగు నల్లని ఎఫ్ బంటు కాళ్లకు అడ్డుపడింది. శకటు దానిని కొడితే ఇ5, ఆపై హెచ్7లో ఆటకట్టు. మరో రెండు ఎత్తులకే, అంటే 21వ ఎత్తుకు బెంకో ఓటమి ఒప్పుకున్నాడు. ఆ పోటీలో ఫిషర్ ఆడిన 11 ఆటలూ గెలిచాడు.

నల్లపావులు చేతులు ముడుచుకోవు

ఎదుటి పక్షం బలమూ తెలియాలి. పక్కనుంచి వచ్చే దాడికి మధ్యభాగంలో దెబ్బకొట్టడమే సరైన సమాధానమన్నది చదరంగంలో పాత సూత్రం. నల్లపావుల వద్ద ఉన్న ప్రధాన పైఎత్తులు ఇవి.

* మధ్యభాగంలో డి5 లేదా ఇ5 లేదా సి5 బంటు తోపుతో తెల్లబంట్లను బద్దలు కొట్టడం. మధ్యభాగం తెరుచుకుంటే హెచ్4, హెచ్5 ఎత్తులు వృథా ప్రయాస అవుతాయి.

* బి5, బి4 బంట్ల నడకతో సి3 గుర్రాన్ని తరమడం, సి వరుసలో ఏనుగుతో సి3ని కొట్టి బలి ఇవ్వడం.

* తెల్లబంటు హెచ్4కు రాగానే తమ హెచ్ బంటును హెచ్5కు నడిపి దారి మూయడం. డ్రాగన్‌లో ఈ పద్ధతికి అమెరికా గ్రాండ్‌మాస్టర్ ఆండ్రూ సోల్టిస్ పేరు స్థిరపడింది. అప్పుడు జి4 బంటుతో ఆ తలుపును మళ్లీ తట్టాల్సి ఉంటుంది.

* కోట కట్టడాన్ని వాయిదా వేయడం. రాజు ఎటువెళ్తాడో తెలియనప్పుడు దాడి ఎటు నడపాలో తేలదు.

ఈ చివరి పైఎత్తుకు 1999 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో గారీ కాస్పరోవ్, వెసెలిన్ టోపలోవ్ ఆట నిదర్శనం. కాస్పరోవ్ ఇ3 శకటు, డి2 మంత్రి పద్ధతినే ఎంచుకున్నాడు. టోపలోవ్ ఇంకా కోట కట్టకముందే 8వ ఎత్తులో శకటును హెచ్6కు పంపాడు. శకటులు మారగా మంత్రి హెచ్6లో నిలిచింది. అక్కడి నుంచి ఆమె చూపు జి7 మీదుగా ఎఫ్8 వరకు ప్రసరిస్తుంది. దాడికి గురైన గడి మీదుగా రాజు కోట కట్టరాదన్నది నియమం. అంటే నల్లపావులకు రాజువైపు కోట దారి మూసుకుపోయింది. టోపలోవ్ రాజు మంత్రివైపు వెళ్లాడు. కాస్పరోవ్ తన పావులను అటు మళ్లించి, 24వ ఎత్తులో ఏనుగును బలి ఇచ్చి, రాజును బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు తరిమి 44 ఎత్తుల్లో గెలిచాడు. పథకం పిడివాదం కారాదని, రాజు ఎటుంటే దాడి అటే నడవాలని ఈ ఆట చాటుతుంది.

ఎత్తుల లెక్క తప్పితే..

రెండు పక్షాలూ చెరోవైపు కోట కట్టినప్పుడు ఆట పరుగుపందెమే. హెచ్ వరుస తెరవడానికి తెల్లపావులకు హెచ్4, హెచ్5, జి6లో కొట్టుడు అనే మూడు ఎత్తులు కావాలి. డ్రాగన్‌లో నల్లపావులకు సి వరుస ముందే సగం తెరిచి ఉంటుంది. కనుక అక్కడ ఒక్క ఎత్తు వృథా అయినా ప్రమాదమే. పిర్క్ రక్షణలో అలా తెరిచిన వరుస ఉండదు. బి5, బి4, ఎ5 అంటూ వారూ బంట్లను నడపాలి. అందుకే కొత్తగా నేర్చుకునే పిల్లలు ఈ దాడిని ముందు పిర్క్‌పై సాధన చేసి, తరువాత డ్రాగన్ జోలికి వెళ్లడం క్షేమకరం.

తెల్లపావులు డి4, సి4 బంట్లతో ఆట ఆరంభించినప్పుడు ఎదురయ్యే కింగ్స్ ఇండియన్‌పైనా ఎఫ్3, ఇ3 శకటు, డి2 మంత్రి అమరికను వాడవచ్చు. దీనికి జర్మనీ ఆటగాడు ఫ్రిట్జ్ జేమిష్ పేరుంది. నల్లపావులు ఇ5 ఆడినప్పుడు డి5కు బంటును నడిపి మధ్యభాగాన్ని మూసివేస్తే పక్కదాడి నిశ్చింతగా సాగుతుంది. గ్రూన్‌ఫెల్డ్ విషయం వేరు. అందులో నల్లపావులు ఆరంభంలోనే డి5తో మధ్యభాగంపై పడతాయి. అక్కడ కళ్లు మూసుకొని పాత మెట్లెక్కితే కాలు జారుతుంది.

డ్రాగన్‌లో తెల్లపావులకు కలిసొచ్చే ఒక చిన్న ఉచ్చు తెలుసుకోదగ్గది. ఆరో ఎత్తులో శకటు ఇ3కు రాగానే నల్లగుర్రం ఆశపడి జి4కు దూకితే, తెల్లని రెండో శకటు బి5 నుంచి రాజుకు చెక్ చెప్పాలి. నల్లశకటు డి7లో అడ్డుపడితే అది రాజు ముందు బందీ అవుతుంది. అప్పుడు డి1లోని మంత్రి జి4 గుర్రాన్ని నిర్భయంగా కొట్టవచ్చు.

యంత్రాలూ అదే మాట

2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన ఆల్ఫాజీరో, మానవుల ఆటలను చూడకుండా తనతో తానే ఆడుకొని చదరంగం నేర్చింది. అది అంచు బంటును ప్రత్యర్థి రాజువైపు నడిపించే తీరు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ తరువాతి సంవత్సరాల్లో అగ్రశ్రేణి ఆటగాళ్లూ జి6 కనిపించగానే తొలి ఎత్తుల్లోనే హెచ్4 ఆడటానికి వెనుకాడటం లేదు. తెల్లబంటు డి4, సి4లకు వెళ్లిన తరువాత మూడో ఎత్తులోనే హెచ్4 ఆడే పద్ధతి గ్రాండ్‌మాస్టర్ల పోటీల్లో సాధారణమైంది. ఒకప్పుడు మొరటు ఆటగా భావించిన ఎత్తు నేడు శాస్త్రసమ్మతమైంది.

పల్లె పిల్లలకు సాధన మార్గం

శిక్షకుడు అందుబాటులో లేకున్నా ఈ దాడిని నేర్చుకోవచ్చు. ఒక బల్ల, ఒక నోటుపుస్తకం చాలు.

* పైన పేర్కొన్న నాలుగు ఆటలూ అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. చరవాణిలో చూసి వదిలేయక, బల్లపై పావులు కదుపుతూ ఆడుకోవాలి. ప్రతి తెల్ల ఎత్తుకు ముందు ఆగి, తానైతే ఏం ఆడేవాడినో రాసుకోవాలి.

* ఏడు మెట్ల అమరికను బల్లపై పేర్చి ఇద్దరు మిత్రులు చెరోవైపు ఆడాలి. తరువాత వైపులు మార్చుకోవాలి. నల్లపావులతో బాధపడినవాడికే తెల్లపావుల బలం అర్థమవుతుంది.

* పావును బలి ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మధ్యభాగం స్థిరంగా ఉందా? నా రాజు భద్రమేనా? దాడిలో నా పావులెన్ని, కాపలాలో వారి పావులెన్ని? మూడింటికీ సంతృప్తికరమైన జవాబు దొరికాకే చేయి చాపాలి. పోటీల్లో ముట్టిన పావును కదపాల్సిందేనన్న నియమం మరువరాదు.

* ఓడిన ఆట ఎత్తులు రాసిన కాగితాన్ని చించివేయరాదు. ఎక్కడ ఒక ఎత్తు వెనుకబడ్డామో లెక్కించడానికి అంతకన్నా మంచి గురువు లేదు.

* కంప్యూటర్ చెప్పిన ఎత్తును గుడ్డిగా నమ్మకుండా, అది ఎందుకు మంచిదో ఒక వాక్యంలో రాయగలగాలి. రాయలేకపోతే ఆ ఎత్తు ఇంకా మనది కాలేదన్నమాట.

ఈ గడ్డకు చదరంగం కొత్త కాదు. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచారు. ఇదే ఊరి ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకున్నారు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లోనే ఆ హోదా సాధించి, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచారు. ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ మైలురాయిని దాటారు. వీరందరి ప్రయాణమూ ఒక బల్ల, 32 పావులతోనే మొదలైంది.

జి7 శకటును చూసి జంకి, ఏదో ఒక ఎత్తు వేసి గడియారం నొక్కే పిల్లవాడికీ, దాని కాపలా ఎక్కడ సన్నగిల్లుతుందో తెలిసి హెచ్ బంటును ముందుకు నడిపే పిల్లవాడికీ మధ్య తేడా ప్రతిభలో లేదు, తెలియడంలోనే ఉంది. దాడి ప్రతిసారీ ఫలించకపోవచ్చు. కానీ ఎందుకు ఆడుతున్నామో తెలిసి ఆడిన ఆటలో ఓటమి సైతం మరుసటి ఆటకు పెట్టుబడి అవుతుంది. ఎంపిక పోటీల కోసం తెల్లవారుజామునే బస్సెక్కే పల్లె విద్యార్థికి ఆ మాత్రం పెట్టుబడిని సమకూర్చడం బడులు, పెద్దలు కలిసి చేయదగిన పనే.